స్టేషన్‌కి నడిచి వెళ్లే మకాం

2010 వసంతకాలం నాటి సంగతి. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లో, ఒక పక్క డ్రై క్లీనర్, ఇంకో పక్క పిజ్జా కొట్టు ఉన్న స్ట్రిప్ మాల్‌లో నా ట్రావెల్ ఏజెన్సీ ఉండేది. అప్పటికే జనం టికెట్లు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో కొనుక్కోవడానికి అలవాటుపడ్డారు. నా దగ్గరికి రెండు రకాల వాళ్లే వచ్చేవారు. ఎండాకాలం సెలవులకి ఇండియా వెళ్లే కుటుంబాలు ఒక రకం, కంప్యూటర్‌కి అంతుచిక్కని కోరికలున్న వాళ్లు ఇంకో రకం. మొదటి రకం వల్ల అద్దె కట్టేదాన్ని. రెండో రకం వస్తే మాత్రం నాకు పండగే.

డాక్టర్ సత్యమూర్తి గారు రెండో రకం. చాలా ఏళ్ల క్రితం గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య విశాలాక్షి గారితో కలిసి యూరప్‌లో పదకొండు వారాలు ఉండి రావాలని ఆయన ఉద్దేశం. రోజుకో హోటల్ మార్చే ప్యాకేజీ టూర్లంటే ఆయనకి ఒళ్లు మంట.

"పెట్టె ఒక్కసారే విప్పాలమ్మా. ఒకటే ఇల్లు, ఒకటే స్టవ్. పొద్దున బయల్దేరి ఏదో ఒక ఊరు చూసి, రాత్రికి మన మంచం మీద మనం పడుకోవాలి. పారిస్‌లో అపార్ట్‌మెంట్ బుక్ చేసెయ్," అన్నారు కూర్చోకుండానే.

ఇలా ఒకచోట మకాం పెట్టి, చుట్టుపక్కలకి డే ట్రిప్పులు వేయడాన్ని మా వాడుకలో హబ్ అండ్ స్పోక్ అంటాం. సైకిల్ చక్రంలో ఇరుసు, ఊచల్లాగా అన్నమాట. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ చూడదగ్గ ఊరు వేరు, మకాం పెట్టదగ్గ ఊరు వేరు. పారిస్‌లో ఒక్కో దిక్కుకి వెళ్లే రైళ్లకి ఒక్కో స్టేషను. పక్క ఊరు వెళ్లాలంటే ముందు పారిస్ దాటాలి, అక్కడికే సగం ఓపిక అయిపోతుంది. మనవాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది అడిగే స్విట్జర్లాండ్ సరస్సు ఒడ్డు మొదటి వారం స్వర్గమే. వాన పట్టుకుంటే కొండ కనపడదు, కిటికీలోంచి మబ్బుని చూస్తూ ఉప్మా తినాలి.

ఇదంతా చెప్పి, స్ట్రాస్‌బర్గ్ పేరెత్తాను. ఫ్రాన్స్ అంచున ఉంది, నది దాటితే జర్మనీ, కాస్త కిందికి వెళ్తే స్విట్జర్లాండ్. ఊరు మొత్తం చదును, స్టేషన్ ఒక్కటే. డాక్టర్ గారు పెదవి విరిచారు. ఫ్రెండ్స్‌కి చెప్పుకోవడానికి ఆ పేరులో దమ్ము లేదట.

అప్పటిదాకా పర్సు ఒళ్లో పెట్టుకుని బొమ్మలా కూర్చున్న విశాలాక్షి గారు నోరు తెరిచారు.

"స్టేషన్‌కి మమ్మల్ని ఎవరు దింపుతారమ్మా?"

డాక్టర్ గారు పకపకా నవ్వారు. "టాక్సీ ఉంటుందే పిచ్చిదానా!"

నాకూ నవ్వొచ్చింది కానీ, అడక్కూడనివి అడగడమే నా వృత్తి. "ఆంటీ, మీరు డ్రైవ్ చేయరా?" అన్నాను. చేయరట. వచ్చిన కొత్తలో రెండుసార్లు రోడ్ టెస్ట్ ఫెయిలయ్యారు. తర్వాత పిల్లలు, ఇల్లు. మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. గుడికి, గ్రోసరీకి, పేరంటానికి ఎప్పుడూ ఎవరో ఒకరు దింపాలి, ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లాలి. నడకకి మాల్‌కి వెళ్తారు, ఆయన దింపితే. ఈవిడ ఇన్నేళ్లుగా అమెరికాలో గుమ్మం దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదని అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఇక నవ్వు రాలేదు.

స్ట్రాస్‌బర్గ్‌లో ఒక అద్దె ఇల్లు చూసి పెట్టాను. దాని వీధి ఫోటోలు మ్యాప్‌లో ఉన్నాయి. మానిటర్ ఆవిడ వైపు తిప్పి, ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి స్టేషన్ దాకా క్లిక్ చేసుకుంటూ వెళ్లాను. ఇదిగో ఈ మూల బేకరీ, ఇది కాలవ మీద వంతెన, ఇక్కడ ఎడమకి తిరగాలి. విశాలాక్షి గారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఈ స్తంభానికి ఉన్న బటన్ నొక్కితేనే కార్లు ఆగుతాయా? వంతెన మీద కూర్చోవడానికి బెంచీ ఉందా? కాస్త వెనక్కి వెళ్లు, ఆ కిటికీలో పూలు చూడనీ." డాక్టర్ గారికి విసుగొచ్చి పక్క కొట్టుకి కాఫీకి వెళ్లిపోయారు.

ఆయన అటు వెళ్లగానే ఆవిడ గొంతు తగ్గించారు.

"ఆయన మోకాలు సంగతి నీకు తెలీదు. వారంలో రెండ్రోజులు తిరిగితే మూడ్రోజులు పడుకోవాలి. ఆ మూడ్రోజులూ నేను కూడా ఇంట్లో కూర్చోవాలా? అరవై ఆరేళ్లొచ్చాయి. ఒక్కసారి నాకు నేనుగా ఒక ఊరు వెళ్లి రావాలని ఉంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ వెళ్లలేను."

నేను ఏదైనా అనేలోపు ఆయన కాఫీతో తిరిగొచ్చారు.

ఆయన వేరే ఆలోచనతో వచ్చారు. స్ట్రాస్‌బర్గ్‌కి ఒప్పుకుంటారట, కానీ తనకి ఓపిక లేని రోజుల్లో ఆవిణ్ణి ఇంటి ముందు ఎక్కించుకుని, ఇంటి ముందు దింపే కోచ్ బస్సు టూర్లు బుక్ చేయాలట. "ఆవిడ వల్ల కాదమ్మా. ట్రైన్ మారడం, ప్లాట్‌ఫారం వెతకడం... తప్పిపోతుంది." ఆయనది పెత్తనం కాదు, నిజమైన భయం. ఆవిడ పర్సు జిప్పు తీస్తూ వేస్తూ ఉన్నారు.

"ఒక ట్రయల్ వేద్దాం డాక్టర్ గారూ," అన్నాను. ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌లో ఆయన ఆవిణ్ణి దింపాలి. ఆవిడ మెషీన్‌లో టికెట్ తనే కొనుక్కుని, రెండు స్టేషన్ల అవతల ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌లో దిగి, తర్వాతి బండికి తిరిగి రావాలి. వస్తే కోచ్‌లు వద్దు. రాకపోతే ఆయన మాటే నెగ్గుతుంది.

ఆ గురువారం మధ్యాహ్నం డాక్టర్ గారి దగ్గర నుంచి ఫోన్. "ట్రైన్ వచ్చింది, వెళ్లిపోయింది. ఆవిడ దిగలేదు. ఫోన్ ఎత్తట్లేదు." ఐడియా నాది మరి. కొట్టుకి తాళం వేసి స్టేషన్‌కి డ్రైవ్ చేశాను. ప్లాట్‌ఫారం మీద ఆయన కుంటుతూ అటూ ఇటూ తిరుగుతున్నారు. నన్ను చూసి చేతి వాచీ చూపించారు. తిట్టినా బాగుండేది.

తర్వాతి బండి ఆగింది. మూడో పెట్టెలోంచి విశాలాక్షి గారు తీరిగ్గా దిగారు, చేతిలో కాగితం సంచీతో.

"ఏమైపోయావు? ఫోనేదీ?" ఆయన అరిచినంత పని చేశారు.

"పర్సులోనే ఉందండీ. గుడిలో సైలెంట్‌లో పెట్టాను, మళ్లీ మార్చడం నాకెక్కడొచ్చు?" అన్నారు ఆవిడ. "తిరుగు బండికి అవతలి ప్లాట్‌ఫారం ఎక్కాలన్నారు. దానికోసం మెట్లు దిగితే కింద ఊరుంది. ఊరు కనబడ్డాక చూడకుండా ఎలా వస్తాను? కాలేజీ పిల్లలు ఎంతమందో! ఇదిగో, మీకని డోనట్ తెచ్చాను."

డాక్టర్ గారు ఆ సంచీ అందుకుని బెంచీ మీద కూలబడ్డారు. నేను నవ్వాపుకోలేక, ఏడుపాపుకోలేక పార్కింగ్ వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపయ్యాక ఆయన నా వైపు చూసి, "కోచ్‌లు వద్దులే," అన్నారు.

ఆగస్టు చివర్లో వెళ్లారు. ఎనిమిదో వారంలో స్ట్రాస్‌బర్గ్ నుంచి ఆయన ఫోన్ చేశారు. తిరుగు టికెట్ తేదీ వాయిదా వేయమన్నారు. అమెరికన్ పాస్‌పోర్ట్‌తో వీసా లేకుండా తొంభై రోజులే ఉండొచ్చు, అంటే ఇంకో పది, పన్నెండు రోజులకి మించి కుదరదు. కుదిరినన్ని కావాలన్నారు. మోకాలు బాగయ్యిందేమో, ఊళ్లు ఇంకా చూడాలని ఉందేమో అనుకుని అడిగాను.

"మోకాలా? నేను గడప దాటి వారమైందమ్మా," అన్నారు. "ఆవిడ వెళ్లొస్తోంది. ఇవాళ పక్కనున్న కొల్మార్, మొన్న స్విట్జర్లాండ్‌లో బాసెల్. సాయంత్రం నేను కుక్కర్ పెట్టి ఉంచుతాను. వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెడుతుంది. ట్రైన్‌లో ఎవరు కూర్చున్నారు, సంతలో ముసలామె ఏమంది, ఎక్కడ దారి తప్పింది, ఎలా కనుక్కుంది... నలభై ఏళ్లు కార్లో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను. ఎటు చూసినా నేనే చెప్పేవాణ్ణి. ఆవిడకి ఇన్ని కబుర్లు వచ్చని నాకు తెలీదమ్మా."

టికెట్ మార్చి పెట్టాను.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. జంటగా ఎవరు వచ్చినా, మాట్లాడే మనిషిని ఏదో వంకతో కాఫీకి పంపించి, రెండో మనిషి వైపు కుర్చీ తిప్పుకుంటాను. ఏ ఊరు చూడాలని ఉంది అని అడగను, దానికి అందరూ పారిస్ అనే అంటారు. ఒక రోజంతా మీ ఒక్కరిదే అయితే ఎక్కడికి వెళ్తారు అని అడుగుతాను. చాలామంది ఆ మాటకి తలెత్తి, కుర్చీ ముందుకి లాక్కుని మ్యాప్‌లో వెతకడం మొదలుపెడతారు. నేను తొందరపెట్టను.