వదిలేసిన పైచేను

రాజపాళయానికి పడమట, కొండ మొదట్లో మా మేనత్తకు మామిడితోట ఉంది. తోటకు పైన, వాగు పక్కన, మెట్లుమెట్లుగా రాళ్లు పేర్చిన పైచేను. నా చిన్నప్పుడు అందులో వరి పండించేవారు. వాగులో నీళ్లు తగ్గాక పత్తి వేశారు. కూలివాళ్లు ఒక్కొక్కరే మిల్లులకూ, సత్రపట్టి మగ్గాలకూ వెళ్లిపోయారు. ఏనుగులు దిగడమూ మొదలైంది. మామ పోయాక అత్త పైచేనును అలాగే వదిలేసింది. పన్నెండేళ్లు అటు తొంగిచూడలేదు.

పోయిన వేసవిలో ఒకాయన బంగళాలు కట్టడానికి ఆ చేను కొంటానన్నాడు. అత్త ఫోన్‌లోనే సరేనంది. హద్దు చూపించడానికి నన్ను తోడు తీసుకుంది. పొద్దున్నే ఎండిన వాగు ఇసుకలో నడిచి ముగ్గురం పైకెక్కాం.

చేను కనిపించలేదు. ముప్పై ఏళ్లు అక్కడ నాట్లు వేసిన అత్త దారి తప్పినట్టు నిలబడిపోయింది.

"ఇక్కడదా ఉండె మ్మా. గట్టు ఏడ పోయినాది?"

గట్టు ఎక్కడికీ పోలేదు. దాని రాళ్లను వేర్లు ఒడిసిపట్టుకుని ఉన్నాయి. వాటి మీద ఎత్తైన చెట్లు. తల వెనక్కి వంచితే గానీ కొనలు కనబడలేదు. పిల్లి అంత ఉడుత ఒకటి కొమ్మ నుంచి కొమ్మకు దూకింది. అప్పుడు నీళ్ల చప్పుడు వినిపించింది.

కింది గట్టు రాళ్ల సందులోంచి వేలెడు లావున నీళ్లు వస్తున్నాయి. అత్త గొంతుకూర్చుని దోసిలి పట్టి తాగింది.

"వరి వేసినప్పుడు కూడా ఈ ఊట లేదు మ్మా."

"చెట్ల వల్లనా అత్తా?"

"ఏమో, తెలీదు. పోయినేడు వాన కూడా బాగా పడినాది."

కొనడానికి వచ్చినాయన సంతోషపడ్డాడు. "చెట్లు కొట్టేస్తే ఇక్కడే తొట్టి కట్టొచ్చు."

అత్త తడిచేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. "ఇది ఈలేను సార్."

"ఫోన్‌లో సరే అంటిరే?"

"ఆమా, అంటిని. అప్పుడు చేననుకొని చెప్పినాను."

ఆయన కాసేపు బతిమాలి, విసుక్కుని దిగిపోయాడు. తర్వాత చోళపురం వైపు వేరే భూమి చూసుకున్నాడని విన్నాం.

అత్త మాత్రం దిగడానికి తొందరపడలేదు. తాను నాట్లు వేసిన మడి ఏదో వెతుక్కుంటూ ఒక్కో చెట్టునూ తడిమి చూసింది. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా అక్కడే ఉన్నాం. అంతసేపూ ఎందుకో ఇద్దరం గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం.