అక్క కన్ను ఎవరి ఫోన్లో ఉంది?

మా అక్క హుజూరాబాద్‌లో బట్టలు కుడుతుంది. బావ దుబాయ్‌లో పనిచేస్తాడు. కన్ను ఫొటో దిగితే ఫోన్‌లో డిజిటల్ నాణేలు వేస్తారని, గల్ఫ్ నుంచి డబ్బు కూడా వాటితోనే పంపుకోవచ్చని ఎవరో చెప్పగా, ఒక కంపెనీ కన్ను ఫొటో తీసే మిషన్ పెట్టిన ఫంక్షన్ హాలుకు అక్క వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

అప్పుడు అక్కది బటన్ల ఫోను, అందులో ఆ నాణేలు పడవు. మిషన్ దగ్గరున్నాయన, "ఏం ఫికర్ లేదక్కా, నీ ఖాతా ఇప్పటికి నా ఫోన్ల ఎక్కిస్త. నువ్వు కొత్తది కొన్నంక మార్సుకుందువు" అన్నాడు.

"మరి గీ ఫొటో ఏడికి పోతది?" అని అడిగింది అక్క.

"ఎంటనే చెరిపేస్తం."

తెర నిండా ఇంగ్లీషు. ఒప్పుకుంటున్నానని నొక్కాల్సిన చోట అక్క వేలు కాదు, ఆయన వేలే పడింది. తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

వానాకాలంలో అక్క స్మార్ట్‌ఫోన్ కొన్నాక మళ్లీ వెళ్లాం. పాతాయన లేడు, ఇంకొకతను ఉన్నాడు. అక్క కన్ను పెట్టి చూస్తే మిషన్ ఒప్పుకోలేదు.

"నీ కన్ను ముందే ఎక్కిందక్కా. ఇంకో ఫోన్ల నడుస్తుంది."

"నడిపేది నేను గాదు. గా ఫోన్ మీ మనిషిదే. అండ్లకెళ్లి తీసి నాకియ్యి."

"ఆయన పని ఇడిసిపెట్టి పోయిండు. ఖాతా ఎవరికన్న అమ్ముకున్నడేమో, మాకెర్క లేదు."

"చెరిపేస్తమన్నరు గద!"

"ఫొటో చెరిపినం. దాన్నుంచి మిషన్ తీసిన అంకెల గుర్తు చెరపనీకి రాదు."

నాకు కోపం ఆగలేదు. "పాస్‌వర్డ్ పోతే మార్సుకుంటం. కన్నెట్ల మార్సుకోవాలె?" అని అరిచాను. అతను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

పోలీస్ స్టేషన్‌కు పోతే, "ఏం పోయిందమ్మా?" అన్నాడొక కానిస్టేబుల్.

"నా గుర్తు పోయింది సార్. గా ఫోన్ పట్టుకున్నోడు రేపు ఏ దొంగపని చేసినా నా కన్నే సూపిస్తది."

"కండ్లు రెండూ మంచిగనే ఉన్నయి గద!" అని నవ్వాడు. అక్క నవ్వలేదు. ఫిర్యాదు తీసుకునేదాకా బల్ల మీది నుంచి లేవలేదు. తీసుకున్నారు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

మర్నాడు అక్క కుట్టు షాపు మూసి హాలు గుమ్మం ముందు నిలబడింది. లైన్లో ఉన్న ఒక్కొక్క ఆడమనిషికీ జరిగింది చెప్పింది. మిషన్ అతను, "మా గిరాకీ చెడగొడుతున్నవ్, కేసు పెడ్త" అని బెదిరించాడు.

"పెట్టు. పోలీసోళ్లకు మీ పాత మనిషి ఏడున్నడో గూడ చెప్పు" అంది అక్క.

లైను కరిగిపోయింది. గొడవ చూసి హాలు యజమాని మిషన్ ఎత్తించేశాడు. కానీ అక్క ఖాతా ఎవరి దగ్గరుందో ఈరోజుకీ తెలియదు.

కొన్ని వారాలకు ఖానాపూర్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "ఈడ గూడ కన్ను ఫొటోలు దిగుతుండ్రు బిడ్డా. లైన్ల నిలవడ్డ. మంచిదేనా?"

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"జర ఆగు చిన్నమ్మా. ఫోన్ స్పీకర్ల పెట్టు. నీ ముందున్నోళ్లు, ఎనకున్నోళ్లు, అందరూ ఇనాలె."