నిన్నటి గోలి, ఇవాళ్టి గోలి

ఆటో గేటు ముందు ఆగి హారన్ కొడుతోంది. పాప బడిసంచి తగిలించుకుని నిలబడింది. పొద్దున మందు గోలి వేసుకుందో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నేనే ఇచ్చిన కొడుకా, ఉప్మా తిన్నంక," అంది మా అమ్మ.

"ఉప్మా నిన్న కదనే. ఇయ్యాల అటుకులు."

ఆమె తడబడింది. "ఇచ్చినట్టు యాదికున్నది. ఇయ్యాలనో, నిన్ననో..."

పాపను అడిగాను. "ఏసుకున్న డాడీ," అంది. సంచి పట్టీ సర్దుకుంటూ, "ఏసుకోలె గావచ్చు," అంది.

"జర జల్దీ అన్నా! హిమాయత్‌నగర్ ఊర్ల పిల్లలు ఎదురుచూస్తున్నరు," ఆటో అతని కేక.

పాపకు ధ్యాస, నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ ఉందని తేలినప్పటి నుంచి రోజూ పొద్దున తిన్నాక ఒక గోలి వేయాలి. మొదట్లో అదొక యుద్ధం. ఒకరోజు పూలకుండీలో ఉమ్మేసింది, ఒకరోజు మంచం కింద దూరింది. అందుకే ఏ రోజు ఏం జరిగిందో అందరికీ గుర్తుండేది. నా భార్య మెహిదీపట్నం బస్సుకు పెందలాడే వెళ్తుంది కనుక, తనే మా అమ్మ ఫోన్లో రిమైండర్ పెట్టింది. మోగగానే గోలి ఇవ్వడం, పచ్చ గుర్తు నొక్కడం. గొడవలు తగ్గాయి. దాంతో పొద్దులన్నీ ఒకేలా అయిపోయాయి.

ఆ రోజు పచ్చ గుర్తు పడే ఉంది. కానీ మోత భరించలేక అమ్మ ముందే నొక్కుతుంది, ఆ రంగు ఇష్టమని పాప కూడా నొక్కుతుంది. గోలీల పట్టీ చూద్దామంటే అమ్మ దాన్ని ముక్కలుగా కత్తిరించి, ఎక్కడుంటే అక్కడ దొరకాలని ఫ్రిజ్ మీద కొన్ని, డబ్బాలో కొన్ని పెట్టింది. ఖాళీ రేకులను చెత్త ట్రాక్టర్ తీసుకుపోయింది.

చేవెళ్ల, మొయినాబాద్ వార్తలు ఏళ్ల తరబడి పత్రికకు రాశాను. ఇద్దరు ఒకే మాట చెబితేనే రాసేవాణ్ని. ఇక్కడ ఏ ఒక్కరూ ఒక మాట మీద లేరు. మళ్లీ మళ్లీ అడిగేసరికి అమ్మకు కోపం వచ్చింది.

"ఏందిరా, సర్పంచును నిలదీసినట్టు అడుగుతున్నవ్? గోలి నేను మింగిననా?"

అనుమానంగా ఉంటే రెండోది ఇవ్వొద్దని డాక్టర్ ముందే చెప్పారు. అలాగే పంపించాను. సాయంత్రం టీచర్ నుంచి మెసేజ్ వచ్చింది: ఈరోజు పాప ఒక్కచోట కూర్చోలేదు.

తర్వాత దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టర్ ఆ మెసేజ్ చదివి అడిగారు: "ఆ రోజు గోలి పడిందా?" పడి ఉంటే మందు సరిపోవడం లేదని, పెంచాలని; పడకపోతే ఇప్పుడున్నదే చాలని ఆమె లెక్క. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పాప వైపు చూసింది. పాప అప్పటికే తలుపు దాటి బయటికి వెళ్లింది.

మందు పెంచాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.