ముహూర్తం దాటించిన డాక్టరమ్మ

మా తిరువూరు సర్కారు ఆసుపత్రి కాన్పుల డాక్టరమ్మ పోయిందని మొన్న పొద్దున కూరగాయల బజారులో విన్నాను. బేరమాడుతున్న వంకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి పంతులమ్మ రాస్తోంది. ఒక్క మాట మెత్తబరిచినా ఊరుకోనని ముందే చెప్పాను.

డాక్టరమ్మ కూడా మెత్తటి మనిషి కాదు. ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే వరండాలోకి వచ్చి, ఎందుకో ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాకే చేసేది. ప్రాణం మీదికొస్తే నడుస్తూనే చెప్పేది.

నా మనవరాలికి నొప్పులొచ్చిన రోజు, దాని మామగారు గంపలగూడెం నుంచి ముహూర్తం పెట్టించుకుని వచ్చాడు.

"పన్నెండు లోపు బిడ్డ బయటికి రావాలి మేడం. మంచి నక్షత్రం. ఆపరేషన్ చేసెయ్యండి."

"తల్లి బాగుంది, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. దేనికి కొయ్యాలండీ?"

"మా వాళ్లంతా అలాగే చేయించుకున్నారు. మీరు కాదంటే విజయవాడ తీసుకెళ్తాం."

కారు కూడా పిలిపించాడు. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.

"లేవండి పెద్దమ్మా" అన్నాడు మామగారు.

"లేవను. అది కూలికెళ్లే పిల్ల. కోయించుకుని మంచాన పడితే నీళ్లబిందె నువ్వు మోస్తావా?"

పన్నెండు దాటింది. లోపల పిల్ల అరుపు సన్నబడింది. నా పంతం దాని ప్రాణం మీదికి తెస్తుందేమోనని లోపలికి తొంగిచూశాను. డాక్టరమ్మ బయటికొచ్చి, "బిడ్డకు అలుపొస్తే నేనే కోస్తాను. అప్పుడు మీరు అడ్డమొచ్చినా ఆగను. అందాకా నన్ను దాని పక్కన కూర్చోనివ్వండి" అంది.

దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. మామగారి చేతుల్లో పెట్టి, "నక్షత్రం ఇప్పుడు చూసుకోండి" అంది డాక్టరమ్మ.

కారణం చెప్పకుండా ఎక్కడా కొయ్యకూడదని రూలు పెట్టమనీ, నొప్పులు పడేవాళ్ల పక్కన కూర్చోవడానికి ఇంకొందరు నర్సులను ఇమ్మనీ ఆవిడ పైవాళ్లను అడుగుతూనే ఉండేది. "నేనున్నంతకాలం జరిగితే చాలదమ్మా, నేను లేకపోయినా జరగాలి" అనేది. ఫొటోకు దండ వెయ్యడానికి వచ్చిన పెద్దమనుషులను, "దండ సరే, ఆ రూలు సంగతేంటి?" అని అడిగాను. చూస్తామన్నారు. మళ్లీ అడుగుతాను.

వార్త చెబుదామని వెళ్లేసరికి మనవరాలు చేలో పత్తి తీస్తోంది. నడుముకు కట్టుకున్న ఒడి నిండుగా ఉంది. డాక్టరమ్మ పోయిందని చెప్పాను. పత్తి పట్టుకున్న పిడికిలి వదులైంది. పత్తి కొంచెం కొంచెంగా గాలికి లేచి, సాళ్ల మీదుగా పోతూ ఉంది.