పిట్టగోడ మీది విస్తరి

బాన్సువాడలో బీర్కూరు రోడ్డు పట్టుకుని పోతే, రైస్ మిల్లు దాటాక ఎడమ చేతి వైపు లేత ఆకుపచ్చ డాబా ఇల్లు ఒకటి వస్తుంది. అక్కడికి రాగానే ఆటోవాళ్ల చెయ్యి దానంతటదే బండిని నెమ్మది చేస్తుంది. కొత్త మనిషి ఎవరైనా ఎక్కి ఉంటే ఇక చెప్పకుండా ఉండలేరు.

“గా పై కిటికీ కనవడుతుందా? గాడనే ఉంటడు ముసలాయన. పదకొండు దినాల నాడు పిండం పెడితే కాకి వచ్చింది. ముక్కు గూడ వంచింది. కిటికీలకెల్లి తెల్ల తువ్వాల ఊగింది. కాకి పారిపోయింది. ఒక్కసారి గాదు, మూడుసార్లు. గా తువ్వాల ఎవరిదనుకున్నవ్? ఆయనదే.”

“మరిప్పుడు గా ఇంట్ల ఎవరుంటుండ్రు?”

“ఆయన భార్య సుబ్బరత్నమ్మ, కొడుకు, కోడలు. ఆమెనే ఆయనను పోనిస్తలేదంటరు.”

వెనక సీట్లో సంచి ఒళ్లో పెట్టుకున్న అవ్వ ఎవరో అంటుంది. “మంచిగనే ఉంది. బతికున్నప్పుడు ఎంతమంది మొగోళ్లు ఇంటి పట్టున ఉంటరు బిడ్డా.”

ఆటో నవ్వుతూ ముందుకు పోతుంది.

సుబ్బరత్నమ్మ తెనాలి వైపు నుంచి ఈ ఊరికి వచ్చి నలభై రెండేళ్లయింది. కాలువ కింద పొలాలు కొనుక్కుని అప్పటికే ఇక్కడ స్థిరపడ్డ కుటుంబంలోకి కోడలిగా వచ్చింది. లారీలో సామాను మధ్య కూర్చుని, ఆవకాయ జాడీ పగలకుండా ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మొదటి సంత రోజున వంకాయలమ్మే ఆమె “ఏంది, ఏం గావాలె” అంటే, తిట్టిందనుకుని ఏమీ కొనకుండా ఇంటికొచ్చి ఏడ్చింది. ఆమె భర్త హరనాథబాబు, “అది కోపం కాదు రత్నం, ఇక్కడి మాట. రేపు నువ్వూ ఏంది అను, వంకాయలు వస్తాయి” అన్నాడు. మర్నాడు అంది. వంకాయలు వచ్చాయి.

ఆయన తక్కువ మాటల మనిషి. ఆమెకు ఆ లోటు తెలియలేదు, ఎందుకంటే ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. ఉప్పు దగ్గర, ఫ్యాను దగ్గర, తడి కాళ్లతో ఇంట్లోకి రావడం దగ్గర రోజూ పోట్లాట. ఉదయం పొలం చూసుకుని పదకొండింటికి ఇంటికొచ్చి, పంపు దగ్గర కాళ్లు కడుక్కుని, మేడ మీది గదికి వెళ్లేవాడు. మెట్లలో ఐదోదానికి రాయి ఊడి కదులుతూ ఉండేది. కాలు పడితే టక్కుమనేది. సిమెంటు పెట్టిస్తానని ఆరేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆ చప్పుడు వినగానే ఆమె కాఫీకి నీళ్లు పెట్టేది.

నాట్లు జోరుగా పడుతున్న రోజుల్లో, ఒక మంగళవారం కాక బుధవారం చూసుకుని ఆయన గడ్డం చేయించుకోవడానికి బజారుకు వెళ్లాడు. మంగలి కుర్చీలోనే తల పక్కకు వాలిపోయింది. కునుకు పట్టిందనుకుని మంగలి కాసేపు కత్తి పట్టుకుని నిలబడ్డాడట. ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బు నురగతో ఇంటికి తెచ్చారు. ఎండిపోయిన ఆ సబ్బును సుబ్బరత్నమ్మ కొంగుతో తుడిచింది. అప్పుడు ఏడవలేదు.

మూడో రోజు పదకొండింటికి ఐదో మెట్టు టక్కుమంది.

ఆమె లేచి స్టవ్ వెలిగించింది. నీళ్లు మరుగుతుండగా గుర్తొచ్చింది. మెట్ల వైపు చూసింది. ఎవరూ లేరు. నాలుగో రోజూ అంతే, ఐదో రోజూ అంతే. ఆ చప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఎండకు రాయి సాగుతుందని కొడుకు అంటాడు. బంధువులు శాంతి చేయించమంటారు. ఆమెకు శాంతి అక్కర్లేదు. ఆమెకు దయ్యమంటే భయం లేదు. పదకొండో రోజంటేనే భయం. ఆ రోజు పిండం పెడతారు, కాకి ముడుతుంది, ముట్టిందంటే మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. ఆ తర్వాత మెట్టు ఎంత టక్కుమన్నా అది రాయే.

పదకొండో రోజు ముంగిట్లో షామియానా వేశారు. కింది గదులు చుట్టాలతో నిండిపోయాయి. తనను మేడ గదిలోనే కూర్చోనివ్వమని సుబ్బరత్నమ్మ అడిగింది. ఆ గది కిటికీ తీస్తే సన్నటి డాబా, ఆ వెంటనే పిట్టగోడ. తోడుగా లచ్చి కూర్చుంది. లచ్చి పక్క తండా మనిషి, ఇరవై ఏళ్లుగా ఈ ఇంటి పొలంలోనూ వంటింట్లోనూ పనిచేస్తోంది.

కొడుకు సాయికిరణ్ విస్తరి తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని దిగిపోయాడు. మనుషులుంటే కాకి రాదని అందరూ కింద ముంగిట్లో నిలబడి తలలు పైకెత్తారు. కాకి ముడితేగాని భోజనాలు లేవు.

పదినిమిషాలకు కాకి వచ్చింది. గోడ మీద వాలి అటూ ఇటూ చూసింది. కింద మాటలు ఆగిపోయాయి. కాకి రెండు గెంతులు వేసి విస్తరి దగ్గరికి వచ్చింది.

సుబ్బరత్నమ్మ చెయ్యి మేకుకున్న ఆయన తువ్వాలును అందుకుంది. కిటికీలోంచి ఒక్క విసురు విసిరింది. కాకి లేచిపోయింది.

లచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అమ్మా, ఏం జేసినవ్?”

“నాకు తెలీదే.”

“నీకు తెల్వకపోతే తువ్వాలకు తెలుసా?”

రెండోసారి కాకి వచ్చేసరికి అరగంట పట్టింది. ఈసారి సుబ్బరత్నమ్మకు తెలుసు. కాకి మెడ వంచేదాకా ఆగి మరీ విసిరింది.

ఏ ఆడదైనా మొగుడి పిండం దగ్గర కాకిని తోలుతుందని కిందివాళ్లలో ఒక్కరికీ తోచలేదు. కిటికీలో తెల్లగా ఏదో కదిలిందని మాత్రం ఇద్దరు ముగ్గురు చూశారు. చూసినవాళ్లు వెనక్కి జరిగారు.

“సగం గడ్డం మిగిలింది గదా,” అన్నాడు పొలం పక్క రైతు దేవ్‌సింగ్. “సగం గడ్డంతోని ఏడికి పోతడు పాపం. మంగలిని పిలువుండ్రి.”

“నీ గడ్డం సంగతి చూసుకో ముందు,” అన్నారెవరో. నవ్వు వచ్చి అక్కడే ఆగిపోయింది.

సాయికిరణ్ చేతులు జోడించి పైకి చూశాడు. “నాన్నా, అమ్మను బాగా చూసుకుంటా. పొలం అమ్మను. చెల్లెలికి పెట్టాల్సింది పెడతా.” కాకి రాలేదు. వంటవాడు వచ్చి సాంబారు చల్లారిపోతోందని చెప్పి వెళ్లిపోయాడు. చిన్నపిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు.

పైన లచ్చి కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంది.

“అమ్మా, నేనొకటి చెప్త ఇను. మా భిక్యా పోయినంక ఆయన మంచం మూడు నెలలు నా మంచం పక్కకే ఉంచుకున్న. రోజూ దులిపిన, రోజూ పరిచిన. ఏమైంది? మంచం కోళ్లకు చెదలు వట్టింది. మంచం పోయింది, మనిషీ రాలే.”

“ఆయన రోజూ వస్తున్నాడే లచ్చీ. పదకొండింటికి.”

లచ్చి అబద్ధమని అనలేదు. “వస్తుండు సరే. వచ్చి ఏం జేస్తుండు? తింటుండా? కూసుంటుండా? మెట్ల మీద నిలవడుతుండు, అంతే గదా. ఎన్ని దినాలు నిలవెడతవ్ ఆయనను, కాళ్ల నొప్పుల మనిషిని?”

ఆ మాటకు సుబ్బరత్నమ్మ కిటికీ చువ్వలు పట్టుకుంది. నిజమే, ఆయన మోకాళ్లు. వానాకాలం మెట్లెక్కితే ఐదో మెట్టు దగ్గర ఆగి ఆయాసపడేవాడు. ఆమె తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“రానీ,” అంది.

సరిగ్గా అప్పుడే కింద హరనాథబాబు తమ్ముడు సాంబమూర్తి గొంతు లేచింది. నిన్ననే తెనాలి నుంచి వచ్చాడు.

“నేను చెప్తాను అన్నయ్య మనసులో ఏముందో. అమ్మాయీ సిరీషా, ఇలా రా.”

సిరీష ఈ ఇంటి కోడలు. నర్సు. ఆరు నెలల కిందటే మహారాష్ట్ర సరిహద్దు దగ్గర, డోంగ్లి అవతల ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఉద్యోగం వచ్చింది. రెండు బస్సులు మారాలి. పొద్దున ఆరున్నర బస్సుకు రోజూ స్కూటర్ మీద దింపింది మామగారే. బస్సు తప్పుతుందేమోనని కోడలికంటే ఆయనకే కంగారు. సాయంత్రం ఆమె నేర్చుకొచ్చిన మరాఠీ మాటలు ఒక్కొక్కటీ తిప్పి పలికి, తప్పు పలికానా అని అడిగేవాడు.

“పోయేముందు వారం ఫోన్లో అన్నయ్యే అన్నాడు,” అంటున్నాడు సాంబమూర్తి. “పిల్ల బస్సుల్లో నలిగిపోతోందిరా అని. దాని అర్థం ఏంటి? ఇంటి కోడలు ఊళ్లంట తిరగడం ఆయనకి ఇష్టం లేదు. మీ అత్తయ్య ఇప్పుడు ఒంటరిది. ఒక్క మాట అను తల్లీ, మానేస్తానని. కాకి ముడుతుందో లేదో చూడు.”

“బాబాయ్, నాన్న అలా అనలేదు,” అన్నాడు సాయికిరణ్.

“నువ్వాగు. నువ్వు ఇచ్చిన మాటలకి వచ్చిందా కాకి?”

ఆడవాళ్లు సిరీష వైపు తిరిగారు. ఆకలి ముఖాలు, ఏడ్చే పిల్లలు, రెండు గంటలుగా ఎండ. పోయిన మనిషికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకునేది కాదని అక్కడ అందరికీ తెలుసు. ఆ మాట మీద కాకి ముడితే, ఇక అది సిరీష మాట కాదు, హరనాథబాబు ఆజ్ఞ. జన్మంతా దాన్ని దాటడానికి లేదు.

పైన కాకి వచ్చి వాలింది.

సుబ్బరత్నమ్మ కిటికీలోంచి కాకినీ చూస్తోంది, గోడ మీదుగా కింద కోడలి నడినెత్తి పాపిడినీ చూస్తోంది. లచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది, మళ్లీ లేస్తుందేమోనని. కాకి ఒక గెంతు వేసింది. ఇంకొకటి వేసింది.

సిరీష నోరు విప్పింది. గొంతు పైదాకా సన్నగా వచ్చింది.

“మామయ్యగారూ, నేను ఉద్యోగం మానేస్తాను. అత్తయ్య దగ్గరే ఉంటాను.”

కాకి ముక్కు విస్తరి అంచును తాకబోయింది. లచ్చి చేతిని విదిలించుకుని సుబ్బరత్నమ్మ లేచింది. చువ్వల మధ్య నుంచి భుజందాకా చెయ్యి బయటకు చాచి తువ్వాలు విసిరింది. దాని అంచు పిట్టగోడకు తగిలింది. కాకి అరుచుకుంటూ మిల్లు వైపు పోయింది.

ముంగిట్లో తలలన్నీ కాకి పోయిన వైపు తిరిగాయి.

“వద్దంటుండు,” అన్నాడు దేవ్‌సింగ్, మెల్లగా. “కోడలు మానుడు వద్దంటుండు.”

“అదే కదా,” అంది ఒక ముసలామె. “రోజూ బండి మీద దింపినోడు మానెయ్యమంటాడా?”

సాంబమూర్తి కండువా భుజాన వేసుకుని షామియానా కిందికి వెళ్లాడు. పంతులు పంచె సర్దుకుంటూ, శాస్త్రంలో దీనికీ దారి ఉందన్నాడు. విస్తరిలో సగం ఆవుకు పెట్టించాడు, సగం కాలువలో వదిలించాడు. ఒంటిగంటన్నరకు ఆకులు వేశారు. అందరూ తలలు వంచుకుని తొందర తొందరగా తిన్నారు. కిటికీ కిందికి వచ్చిన వరసలో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

పైకి అన్నం తెచ్చిన లచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“ఇడిసిపెడత అన్నవ్ గద. మళ్ల ఎందుకు తోలినవ్?”

“పిల్లకి ఎల్లుండి ఆరున్నర బస్సు ఉందే.”

లచ్చి గ్లాసులో నీళ్లు పోసి పక్కన పెట్టి, “తిను,” అని కిందికి పోయింది. ఆ రోజు సంగతి ఆమె తండాలో కూడా ఎక్కడా అనలేదు.

ఎల్లుండి సిరీష ఆరున్నర బస్సుకే వెళ్లింది. సాయికిరణ్ దింపివచ్చాడు. అప్పటికే బజారంతా మాట పాకిపోయింది. కాకి ముట్టలేదని, ఆయన పోలేదని, మేడ మీద తెల్ల తువ్వాలు ఊగుతుందని. సాయికిరణ్ విని బాధపడితే, “అననీ,” అంది తల్లి. ఇంకేమీ చెప్పలేదు. కాకి తర్వాత ముట్టిందని తెలిస్తే, అది సిరీష ఇచ్చిన మాట మీదేనని సాంబమూర్తి లెక్క కట్టడం ఆమెకు ఇష్టం లేదు.

ఆమె దాచింది ఇంతే. ఆ పదకొండో రోజునే నాలుగు గంటలకు, చుట్టాలను బస్టాండులో దింపడానికి కొడుకూ కోడలూ వెళ్లారు. లచ్చి పంపు దగ్గర గిన్నెలు తోముతోంది. సుబ్బరత్నమ్మ తన కంచంలో ముట్టకుండా ఉంచిన అన్నం, పప్పు, వంకాయ కూర ఒక ఆకులో సర్ది డాబా మీదికి వచ్చింది. పిట్టగోడ మీద పెట్టి, “ఇక వెళ్లండి” అని గది గుమ్మం దాకా వెనక్కి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. కాకి వచ్చింది. మొదట వంకాయ ముక్క తీసుకుంది. తర్వాత అన్నం తిన్నది.