క్లారినెట్ జ్ఞానానందం రక్తపరీక్ష

“ఒరేయ్ జ్ఞానానందం, నువ్వసలు పళ్ళు తోముకుంటావంట్రా?”

తెనాలిలో ఒక పెళ్ళి ఊరేగింపులో పాట మధ్యలో తెగిపోయినప్పుడు బ్యాండు మాస్టరు హనుమయ్య పదిమంది ముందూ అడిగిన ప్రశ్న ఇది. డ్రమ్ముల వాళ్ళు నవ్వారు. క్లారినెట్ వాయించే జ్ఞానానందం నవ్వలేదు. నోరు తెరిస్తే చిగుళ్ళ నెత్తురు కనిపిస్తుంది.

రేపల్లె మనిషి. ముప్పై దాటింది, పెళ్ళి కాలేదు, తల్లి పోయింది. ముహూర్తాల రోజుల్లో పాసింజరు బండెక్కి తెనాలి వెళ్ళి వాయించి వచ్చేవాడు. నోట్లో పెట్టుకునే క్లారినెట్ పీకకి పై పళ్ళు ఆనాలి. ఆ పళ్ళే కదులుతున్నాయి. పూటపూటా తోముకునేవాడు. దేవుడు పరీక్షిస్తున్నాడన్నారు పాస్టరుగారు. చిగుళ్ళతో దేవుడికేం పనో ఆయన చెప్పలేదు.

2006లో బాపట్లలో దంతవైద్య శిబిరం పెట్టారు. పీజీ చదువుతున్న డాక్టర్ అనుపమ అతని నోరు చూసి తెల్లబోయింది.

“పళ్ళ మీద గార ఇంత తక్కువుంటే దవడ ఎముక ఇంతలా కరిగిందేంటండీ? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?”

“మా అమ్మది ముప్పై అయిదుకే బోసినోరండి. చుట్ట అలవాటన్నారు. అమ్మ చుట్ట ముట్టి ఎరగదండి.”

తన పరిశోధన కోసం ఆమె రక్తం తీసుకుంది. కొన్ని నెలలకు ఫలితం చెప్పింది. నోట్లో సూక్ష్మజీవులు కొద్దివే. వాటి మీద రక్తంలోని రక్షణ కణాలు అతిగా విరుచుకుపడుతున్నాయి. ఆ కొట్లాటలో ఎముక కరిగిపోతోంది. వాపును పెంచే జన్యువు ఒకటి అతనిలో ఉంది, బహుశా తల్లి నుంచి వచ్చింది.

“అది ఉన్నంత మాత్రాన అందరికీ పళ్ళు ఊడవండి. అదొక గుర్తు, అంతే. తప్పు మాత్రం మీ బ్రష్షుది కాదు.”

ఆ చివరి మాటే అతనికి కావలసింది. మర్నాడు పెళ్ళి పందిట్లో బ్యాండు వాళ్ళంతా టీ తాగుతుంటే గర్వంగా చెప్పాడు.

“మాస్టారూ, బాపట్లలో రక్తం తీశారండి. తేడా రక్తంలోనేనంట. అమ్మ నుంచే వచ్చిందంట.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ రోజుల్లో రక్తంలో తేడా అంటే, అదీ తల్లి నుంచి వచ్చిందంటే, జనానికి తెలిసింది ఎయిడ్స్ ఒక్కటే. బస్టాండు గోడల నిండా దాని పోస్టర్లే. ట్రంపెట్ వెంకట్రామయ్య తన గ్లాసు పక్కకు జరుపుకున్నాడు.

“అది కాదు బాబాయ్, ఇది చిగుళ్ళ సంగతి.”

“చిగుళ్ళకి రక్తపరీక్షేంట్రా! ఎవరి చెవిలో పువ్వు పెడతావు?”

హనుమయ్య గొంతు తగ్గించాడు. “కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండు నాన్నా. కబురు చేస్తాలే. బ్యాండుదే అయినా ఆ క్లారినెట్ కూడా నువ్వే ఉంచుకో.”

ఏనాడూ ఒరేయ్ తప్ప అనని మనిషి నాన్నా అన్నాడు. జ్ఞానానందానికి అప్పుడర్థమైంది. శుభ్రం లేనివాడన్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళే, జాలి కలగగానే లేచి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నిజాంపట్నంలో పడవలకు ఐసు మోస్తున్నాడు. ముందు పళ్ళు ఊడిపోయాయి. క్లారినెట్ పెట్టెలో ఉంది. కబురు రాలేదు. చివరి మూడు పెళ్ళిళ్ళ డబ్బు హనుమయ్య ఇంకా ఇవ్వాలి.