పంగుని పొంగలికి దొరికిన గది

మొన్న మా అమ్మాయి కోవిల్‌పట్టిలో మా ఇంటి వరండాలో కూర్చుని, విరుదునగరం మారియమ్మ పొంగలి తిరునాళ్ళకు బెంగుళూరు నుంచి వస్తున్న తన అత్తవారి చుట్టాల కోసం సెల్‌ఫోనులో గదులు వెతుకుతూ, ఏ లాడ్జి చూసినా నిండిపోయిందనే వస్తోందని విసుక్కుంటూ, ఉన్నట్టుండి సంతోషంగా ఒక కేక పెట్టింది. ఊరి మధ్యలో ఒక ఇల్లు ఇల్లంతా ఖాళీగా ఉందట. అంత తిరునాళ్ళలో అది ఖాళీగా ఎందుకుందో ముందు కనుక్కోవే అని నేను అరిచినంత పని చేశాను. అది నవ్వి ఊరుకుంది, వయసు మీదపడ్డ తల్లులకు అన్నీ అనుమానాలే అనుకుని ఉంటుంది. దాని తప్పేముంది, నేనెప్పుడూ చెప్పలేదు. నా ఈడువాళ్ళకైతే సగం చెప్పినా అర్థమవుతుందని ఇక్కడ చెబుతున్నాను.

మాది పుదూరు దగ్గర నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. వాన పడితే పంట, పడకపోతే మొక్కులు. నా తర్వాత అమ్మకు పుట్టిన బిడ్డలు ఇద్దరూ దక్కలేదు. ఆ మీదట తమ్ముడు పుడితే, వీడు నిలిస్తే పంగుని నెలలో విరుదునగరం పొంగలినాడు చెరకు తొట్టెలో మోసుకొస్తానని మారియమ్మకు మొక్కుకుంది. చెరకు గడల కట్టకు పసుపు చీరను ఉయ్యాలగా కట్టి, అందులో బిడ్డను పడుకోబెట్టి, తల్లీ తండ్రీ ముందొకరు వెనకొకరు భుజాన మోస్తూ గుడి చుట్టూ తిరగడమన్నమాట. ఆ యేడు తమ్ముడికి పాలపళ్ళు వస్తున్నాయి, చనుపాలు తప్ప మరొకటి నోట పెట్టేవాడు కాదు, అమ్మ చంక దిగితే ఆకాశం విరిగి పడ్డట్టు ఏడ్చేవాడు. నేను నాలుగో తరగతి చదువుతున్నాను.

మా నాయనకు తనమీద తనకు నమ్మకం జాస్తి. ముందుగా ఎవరికీ కబురు పెట్టలేదు, విరుదునగరంలో మనవాళ్ళకేమి కొదవ అన్నాడు. బస్సు దిగి చూద్దుము కదా, ఊరు ఊరంతా పసుపు చీరలే. వీధికి అడ్డంగా వేపాకు తోరణాలు, డప్పులు, అరచేతుల్లో అగ్గిచట్టి పట్టుకుని ఊగుతూ నడిచే ఆడవాళ్ళు, వాళ్ళకు దారి విడవమని అరుపులు. మిరపకాయ మండీల ఘాటుకు తమ్ముడు దగ్గీ దగ్గీ ఏడుస్తున్నాడు. నాయన నమ్ముకున్న చుట్టాలింట్లో పశువుల కొట్టంలో కూడా మనుషులు పడుకుని ఉన్నారు. సత్రంలో మెట్ల మీద కూడా చోటు లేదు, లాడ్జివాడు తలెత్తి చూడనైనా లేదు. భుజాన చెరకు గడలు, నెత్తిన ఎండ, నాయన కోపమంతా అమ్మ నడక మీదికి మళ్ళింది. కాళ్ళరిగేలా తిరిగి తిరిగి, ఎక్కడో నూనె గానుగల వెనక ఒక సన్నటి వీధిలోకి వచ్చిపడ్డాము.

ఆ వీధి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. డప్పుల మోత అవతలి వీధి దాకా వచ్చి ఆగిపోయినట్టు ఉంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఆడుకునే పిల్ల ఒక్కతి లేదు. ఒక ఇంటి అరుగు మాత్రం శుభ్రంగా కడిగి ఉంది, వాకిలి మీద వేపమండ దోపి ఉంది. నీడ కనబడితే చాలునని అక్కడ చతికిలబడి, అమ్మ తమ్ముడికి పాలిస్తూ నాయనను తెలుగులో నాలుగు మాటలు అంది. ఆ మాటలు విని లోపలినుంచి ఒక ముసలామె వచ్చింది.

"ఎవురమ్మా మీరు, మనోళ్ళా? ఇంత ఎండలో బిడ్డను ఎత్తుకోని యాడ తిరగతా ఉండారు? ఉండను ఎడం కావల్నంటే లోనికి రాండి."

అరవ ఊళ్ళో తెలుగు మాట వినబడితే మాకు ప్రాణం లేచివస్తుంది. "చూస్తివా, మనోళ్ళు లేని ఊరుంటాదా!" అని నాయన మీసం తిప్పాడు. ఇంకే నెలలోనైనా అయితే ఆ వేపమండ చూడగానే అమ్మ వీధి మొదట్లోనే వెనక్కు తిరిగి ఉండేది. కానీ అది పొంగలి, వేపాకు లేని గడప ఆ ఊళ్ళోనే లేదు. అమ్మ ఆ ఆకును కళ్ళకద్దుకుని మరీ లోపలికి అడుగుపెట్టింది.

ముందుగది మాకిచ్చింది. కాళ్ళమీద పసుపునీళ్ళు పోసింది. తమ్ముణ్ణి చూసి ముచ్చటపడింది గానీ ఎత్తుకోవడానికి చెయ్యి చాచలేదు. పండగపూట ఇల్లు, అయినా పొయ్యి మీద తాలింపు వాసన లేదు. నేను జడ విప్పబోతే, ఈ ఇంట్లో తల దువ్వకూడదని మెల్లగా చెప్పింది. లోపలి గదికి పసుపు బట్ట అడ్డంగా కట్టి ఉంది, దాని వెనకనుంచి ఎవరో మూలిగారు. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. నాయనతో చెబుదామంటే ఆయన అప్పటికే తలకింద తుండు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడు నిద్రపోగానే అమ్మ వాణ్ణి నా పక్కన పడుకోబెట్టి, ముసలామె నీళ్ళబిందె ఎత్తలేక అవస్థపడడం చూసి, ఉండమ్మా నేను తెస్తానని అందుకుని ఆ బట్ట తొలగించుకుని లోపలికి వెళ్ళింది.

లోపల అరిటాకు మీద ఆమె మనవరాలు పడుకుని ఉంది. ఒళ్ళంతా అమ్మవారు. చిన్నది కాదు, పెద్దది, మనం మశూచి అనేది. ఆ పిల్ల మా అమ్మ చేతిని పట్టుకుని వదల్లేదట. అమ్మ ఎంతో సేపటికి బయటికి వచ్చి, మా దగ్గరకు రాకుండా ఎదురుగోడకు ఆనుకుని నిలబడింది, చేతులు రెండూ వెనక్కు పెట్టుకుని.

"బిడ్డను నా తట్టు తేవద్దు. లోపల అమ్మ పోసుండాది. నేను తాకితిని."

ముసలామె మమ్మల్ని మోసం చెయ్యలేదు, అది మీరు నమ్మాలి. ఆ మండ దోపడమే లోకానికి చెప్పడం. ఎరిగిన ఊరివాళ్ళంతా ఆ వీధి మానుకుంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళు చంటిబిడ్డతో అరుగెక్కారు. "ఆకు చూసే గదమ్మా వస్తిరి? ఈ వీదిలోకి కాకి గూడా రాలే. తెలుగోళ్ళు, బయం లేనోళ్ళు అనుకుంటినే" అని ఏడ్చింది. నాయన లేచి, మాట్లాడకుండా నడవమని అమ్మను కసిరాడు. అమ్మ కదల్లేదు.

"నేను బస్సెక్కితే బిడ్డ నా ఒళ్ళోకే గదా వస్తాడు. పాలకు ఏడిస్తే నా చేయి ఆగతాదా? మీరు పోండి."

జన్మలో అమ్మ మాట వినని మనిషి ఆ ఒక్కరోజు విన్నాడు. నిద్రపోతున్న తమ్ముణ్ణి ఎత్తి భుజాన వేసుకున్నాడు. అమ్మవారున్న ఇంటినుంచి వచ్చేటప్పుడు పోయొస్తామని చెప్పకూడదు, చెబితే ఆమె కూడా వెంట వస్తుందని మనవాళ్ళ నమ్మకం. అందుకని నేను అమ్మతో ఒక్క మాటైనా చెప్పకుండా గడప దాటాను. చెరకు గడలు ఆ గోడకే ఆనించి ఉండిపోయాయి. కోవిల్‌పట్టి దాకా బస్సులో తమ్ముడు ఏడ్చిన ఏడుపు చెప్పడానికి నాకు మాటలు లేవు, ఇప్పుడు కూడా లేవు.

పల్లెలో అవ్వ మమ్మల్ని ఇంటికి రానివ్వలేదు, చేను దగ్గరి గుడిసెలో పెట్టింది. మేనత్త తన చంటిపిల్లను ఇంట్లో వదిలి, ఆ గుడిసెకు వచ్చి తమ్ముడికి పాలిచ్చింది. తెలిసి ఇచ్చింది. అవ్వ పొద్దు పొడవగానే వాణ్ణి ఎండలోకి పట్టి, కడుపూ వీపూ వెతికేది. ఒక దోమకాటు కనబడితే మళ్ళీ మొదటినుంచి వెతికేది. నాయన విరుదునగరం వెళ్ళి ఆ వీధి మొదట్లో నిలబడితే, ముసలామె అరుగు మీదికి వచ్చి, అమ్మ ప్రాణంతో ఉందన్నట్టు చెయ్యి ఊపేదట. మొదట మనవరాలు పోయింది. తర్వాత అమ్మ పడకేసింది. ఒకసారి ఆ చెయ్యి ఊపడానికి ఆలస్యమైందని నాయన నడివీధిలో కూలబడ్డాడని చాలా ఏళ్ళకు తెలిసింది.

తమ్ముడికి ఏమీ కాలేదు.

రెండు నెలలు గడిచి, వైకాశిలో అమ్మ వచ్చింది. నేను గుర్తుపట్టింది గొంతును. ఆ ముఖాన్ని గురించి ఎక్కువ రాయను, అటువంటి ముఖాలు మీ ఇళ్ళల్లోనూ ఉండేవి. చేతులు చాచింది. తమ్ముడు కెవ్వుమని అరిచి అత్త మెడలో ముఖం దాచుకున్నాడు. పిల్లవాడు, మరచిపోయాడు, రెండు రోజుల్లో అలవాటవుతాడని అందరూ అన్నారు. అమ్మ చేతులు వెనక్కు తీసుకుని, చెరువు గట్టునుంచి వచ్చిన దుమ్ము కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళింది.

ఆ జబ్బు ఇప్పుడు లోకంలోనే లేదంటారు, అంతకన్నా మంచి వార్త నా జన్మలో నేను వినలేదు. గది కావాలంటే ఎండలో తిరగనక్కరలేదు, ఏ భాషవాడి ఇల్లో ఎవరికీ పట్టదు, తలుపు తాళంచెవి ఎవరి చేతినుంచీ పుచ్చుకోనక్కరలేదట. మంచిదే. తాకినందుకు ఆగిపోయేవాళ్ళు, తెలిసి పాలిచ్చేవాళ్ళు ఇప్పుడున్నారో లేదో నాకు తెలియదు, ఆ అవసరం రాకుండా పోవడమే మేలు. తమ్ముడు అమ్మకు దగ్గరయ్యాడు, కాలేదనను. అమ్మా అనే పిలిచేవాడు, ఆమె పెట్టిందే తినేవాడు. కానీ రాయి తగిలి వేలు చిట్లినా, తేలు కుట్టినా, ఈడొచ్చాక కూడా, వాడి నోట వచ్చే కేక "అత్తా" అనే. అది వినబడిన ప్రతిసారీ అమ్మ వంటింట్లోనే ఉండి, అత్తను పిలుచుకురమ్మని నన్ను పంపేది.